తప్పు దారిదా, బండిదా?

ప్రసారము ఆరంభమగుటకు ముందు స్టూడియో నుండి ట్రాన్స్‌మిటరు వరకు గల లైనుపై, హెచ్చుతగ్గులు లేక ఒకే తీరున సాగు నాదమునొకదానిని పంపి చూచుట రేడియో ఇంజనీర్లకు అలవాటు. సెకనుకు వేయి కంపనములు గల ఆ నాదములో పాట లేదు, మాట లేదు. అయినను అది అవతలి కొసకు ఎంత బలముతో చేరినదో కొలిచినచో లైను మంచిచెడ్డలు తెలియును. పాటనే పంపి చూచినచో, లోపము గాయకుని గొంతులో ఉన్నదా, మైక్రోఫోనులో ఉన్నదా, లైనులో ఉన్నదా తేల్చుట కష్టము. కంప్యూటర్లను కలుపు లైనులకును ఇట్టి పరీక్ష అవసరము. అందులకు ఉపకరించు ఒక చిన్న సాధనమును గూర్చి ముచ్చటించుకొందము.

కొంతకాలము క్రిందట మేమొక ఆసుపత్రికి పోవలసి వచ్చినది. అచ్చట స్కానింగు ఒక భవనములో, వైద్యులు ప్రక్క భవనములో. 500 మెగాబైట్ల స్కాను చిత్రముల కట్ట వైద్యుని బల్లపైకి చేరుటకు దాదాపు ముప్పావు నిమిషము పట్టుచుండెను. బయట రోగులు బారులు తీరి కూర్చుండిరి. చిత్రములు దాచు కంప్యూటరు పాతబడినదని కొందరు, దానిని చూచుకొను కుర్రవాడు అశ్రద్ధ చేయుచున్నాడని కొందరు అనుచుండిరి. క్రొత్త కంప్యూటరు కొనుటకు లక్షల రూపాయల అంచనా కూడ సిద్ధమైనది. భవనముల నడుమ నున్న లైను సెకనుకు 1,000 మెగాబిట్లదని కాగితములలో ఉన్నందున దానిని ఎవరును శంకింపలేదు.

మొదట 'పింగ్' అను ఆజ్ఞతో పలుకరించి చూచితిమి. అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేసిన మైక్ మ్యూస్ 1983 డిసెంబరులో దీనిని వ్రాసెను. సముద్రగర్భమున సోనార్ చేయు ధ్వనిని బట్టి ఆ పేరు పెట్టెను. ఇది చిన్న సందేశము పంపి, ప్రత్యుత్తరము ఎంతసేపటికి వచ్చునో చెప్పును. మాకు ప్రత్యుత్తరములన్నియు వెంటవెంటనే వచ్చినవి. దారి ఉన్నదని తేలినది. కాని ఒక మనిషి సుఖముగా నడచిన గట్టుపై వంద బండ్లు పోగలవని చెప్పలేము గదా! బండ్లను తోలియే చూడవలెను.

అట్లు తోలి చూపు సాధనము 'ఐపెర్ఫ్'. దీని తొలి రూపము ఇల్లినాయి విశ్వవిద్యాలయమున పుట్టినది. లారెన్స్ బర్క్‌లీ జాతీయ పరిశోధనశాలకు చెందిన ఈయస్‌నెట్ వారు దానిని సరిక్రొత్తగా వ్రాసి, 'ఐపెర్ఫ్ 3' అను పేర 2014లో వెలువరించిరి. దీనికి బొమ్మలు, మీటలు లేవు. ఆజ్ఞను ఒక పంక్తిలో టైపు చేయవలెను. ఒక కొసనున్న కంప్యూటరులో సాధనము పేరు వ్రాసి, అడ్డుగీతతో 'ఎస్' అను అక్షరము చేర్చినచో అది 5201వ పోర్టు వద్ద చెవియొగ్గి యుండును. రెండవ కొసలో 'సి' అను అక్షరమును, మొదటి కంప్యూటరు చిరునామాను వ్రాసినచో, పది సెకనుల పాటు శక్తికొలది సమాచారమును పంపి, ఏ సెకనులో ఎంత చేరినదో లెక్క చూపును. ఆ సమాచారమునకు అర్థము లేదు. అది ఒక కంప్యూటరు మెమొరీలో పుట్టి మరొకదాని మెమొరీలో అంతరించును. డిస్కుల జోలికి పోదు. కనుక వచ్చిన అంకె చాలవరకు దారిదే గాని బండిది కాదు.

మాకు వచ్చిన అంకె సెకనుకు 94 మెగాబిట్లు. 'ఆర్' అను అక్షరము చేర్చి ఎదురుదిశలో పంపించినను అదియే. ఈ అంకెలోనే గుట్టు ఉన్నది. ఈథర్‌నెట్ లైనుపై నిండు పొట్లమొకటి 1,538 బైట్ల తావు ఆక్రమింపగా, అందులో అసలు సరకు 1,448 బైట్లు. తక్కినది చిరునామాలకు, నడిమి ఎడమునకు పోవును. అనగా నూటికి 94 పాళ్లు. లైను నిండుగానే పనిచేయుచున్నది, కాని 100 మెగాబిట్ల లైనుగా! 1,000 మెగాబిట్లకు కేబులులోని నాలుగు జతల తీగెలును కావలెను; 100కు రెండు జతలు చాలును. వెదకగా, గోడ కన్నము వద్ద మిగిలిన జతలలోని తీగె ఒకటి తెగియుండెను. రెండు కొసల పరికరములును ఎవరికిని చెప్పకుండ తక్కువ వేగమునకు దిగినవి. కేబులు మార్పించితిమి. అంకె 940కి చేరినది. చిత్రముల కట్ట ఆరేడు సెకనులలో వచ్చినది. క్రొత్త కంప్యూటరు కొనలేదు. కుర్రవానిపై పడిన నిందయు తొలగినది.

పై పరీక్ష టీసీపీ పద్ధతిది. అది పోయిన పొట్లమును మరల పంపును. రద్దీ కనిపించినచో వెనుకకు తగ్గును. మాటను, సంగీతమును వెనువెంటనే చేరవేయు లైనులకు 'యు' అక్షరముతో యూడీపీ పద్ధతిని, 'బి' అక్షరముతో వేగమును నిర్ణయింపవలెను. నూటికెన్ని పొట్లములు పోయినవో, రాకలో ఎంత ఒడిదుడుకు కలదో అప్పుడు తెలియును. వేగము చెప్పనిచో అది సెకనుకు ఒక మెగాబిట్టు మాత్రమే పంపును. అది చూచి లైను బలహీనమని భ్రమపడరాదు.

ఒక హెచ్చరిక. ఈ పరీక్ష దారినంతయు ఆక్రమింపగలదు. వేగము హెచ్చించిన యూడీపీ ఇతరులకు చోటీయదు. కావుననే మేము అధికారుల అనుమతి పొంది, రోగులందరును వెడలిన పిమ్మట పరీక్షించితిమి. అనుమతి లేక పరుల కంప్యూటరుపై ప్రయోగించినచో అది దాడియే యగును. పని ముగియగానే, చెవియొగ్గియున్న కొసను ఆపివేయుటయు మరువరాదు.

పని మందగించినపుడు క్రొత్త యంత్రము కొనుటకు ముందు, ముఖ్యముగా తోటి మనిషిని తప్పుపట్టుటకు ముందు, ఈ పది సెకనుల పరీక్ష చేసి చూడవలెనని మా మనవి.