ఊరి ప్రెసిడెంటు – ఓటరు లెక్క

తెలుగునాట ‘ప్రెసిడెంటు’ అను మాట ఢిల్లీకంటె పల్లెకే ఎక్కువ దగ్గరగా నున్నది. రాష్ట్రపతి భవనములో నివసించు పెద్దలను జనము ‘రాష్ట్రపతి’ అనియే పిలుతురు. ప్రెసిడెంటు అన్నచో కోస్తా జిల్లాలలో ఊరి సర్పంచు. కరీంనగరు ప్రాంతములో ఒకప్పుడు సమితి అధ్యక్షుడు, తరువాత మండలాధ్యక్షుడు. పేరు ఏదైనను ప్రశ్న ఒక్కటే. క్రొత్తగా ఆ కుర్చీలో కూర్చున్నవారు ఓటు వేసినవారి ఆశలు తీర్చిరా, లేదా? సుల్తానాబాద్ ప్రాంతపు పల్లెలలో, గర్రెపల్లి మొదలు నీరుకుళ్ల వరకు, రచ్చకట్టల కడను హోటళ్ల ముందును ఈ ప్రశ్న ప్రతి ఐదేండ్లకు ఒకమారు పుట్టుచుండును. పుట్టిన పిదప అంత త్వరగా చావదు.

రాష్ట్రపతి విషయములో సామాన్య ఓటరుకు ఇట్టి చింత లేదు. ఆ ఎన్నికలో అతనికి ఓటు లేదు గనుక. పార్లమెంటు సభ్యులును శాసనసభ్యులును కలిసి రాష్ట్రపతిని ఎన్నుకొందురు. శాసనసభ్యుని ఓటు విలువను కట్టు పద్ధతి విద్యార్థులకు మంచి లెక్క: 1971 నాటి రాష్ట్ర జనాభాను శాసనసభ స్థానముల సంఖ్యచే భాగించి, వచ్చినదానిని మరల వేయిచే భాగింపవలెను. ఆ ప్రకారము 2017, 2022 ఎన్నికలలో తెలంగాణ శాసనసభ్యుని ఓటు విలువ 132. ఒకే మనిషి చేతి ఓటులో అంతటి జనసంఖ్య ఇమిడియున్నది. కాని ఆ జనములో ఎవరిని ముందుగా అడిగిన ఆచారము లేదు. 2022లో రాష్ట్రపతియైన శ్రీమతి ద్రౌపది ముర్ము ప్రజాజీవితము 1997లో ఒడిశాలోని రాయ్‌రంగ్‌పూర్ అను చిన్న పట్టణపు కౌన్సిలరు పదవితో ఆరంభమైనది. ఆమెకు ఓటరు నేరుగా నిలదీయు స్థానము ఏదో తెలియకపోదు. అది పై మెట్టు కాదు, క్రింది మెట్టు.

ఆ క్రింది మెట్టు సుల్తానాబాద్ వంటి చోట్ల ఎంతో కాలమునకు గాని ఏర్పడలేదు. నిజాము పాలనలో ఇది తాలూకా కేంద్రము. ఊరిలో మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ ఉండెడివారు. ఆ పదవులు వంశపారంపర్యముగా వచ్చునవి. తండ్రి పోయిన కొడుకు వచ్చును. ఆశించుట, ఆశ తీరకుండుట అను ప్రసక్తియే లేదు. పటేలు మంచివాడైనచో అదృష్టము, కానిచో ప్రారబ్ధము. 1984లో ఆ పదవులు రద్దయ్యెను. కాని రద్దైనది పదవియే. ‘పెద్దమనిషి దయచేయును’ అను అలవాటు ఇంకొంత కాలము నిలిచినది. నేటికిని కొందరు ఓటరులు సర్పంచును తూచునప్పుడు ఆ పాత రాళ్లనే తక్కెడలో వేయుచుందురు.

1959 అక్టోబరు 11న జవహర్‌లాల్ నెహ్రూ షాద్‌నగరులో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్యమునకు ప్రారంభోత్సవము చేసెను. రాజస్థానులోని నాగౌరులో అది ఆరంభమై అప్పటికి పట్టుమని పది దినములు కాలేదు. దేశములో రెండవ రాష్ట్రము మనదే. అయితే 1964 నాటి చట్టము క్రింద తొలుత సర్పంచును ఎన్నుకొన్నది ఓటరు కాదు, వార్డు సభ్యులు. ఐదారుగురిని మచ్చిక చేసికొన్న చాలును, ఊరు చేతికి వచ్చును. 1981 ఎన్నికలలో గాని ఓటరు నేరుగా సర్పంచు పేరుపై ముద్ర వేయలేదు. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చెను. 1987లో మండలాధ్యక్షులను సైతము ప్రజలే, పార్టీ గుర్తులపై, నేరుగా ఎన్నుకొనిరి. అది ఒక్కమారే. 1994 చట్టముతో మండల ప్రెసిడెంటు మరల సభ్యుల చేతిలోనికి వెళ్లెను. అది మొదలు మండలాధ్యక్షుని ఎన్నిక అనగా సభ్యులను క్యాంపులకు తరలించుటయు, కాపలా కాయుటయు అను అర్థము స్థిరపడినది. క్యాంపునుండి దిగివచ్చిన ప్రెసిడెంటు తన ఆశలు తీర్చలేదని చింతించు ఓటరు ఎక్కడను కానరాడు. తాను ఎన్నుకొనని వానిపై అలుగుట ఎవరికి సాధ్యము?

ఈ కథలో కరీంనగరు జిల్లాకు ఒక ప్రత్యేక స్థానము కలదు. వంగర గ్రామమునకు చెందిన పి.వి. నరసింహారావు 1952లో కరీంనగరు లోక్‌సభ స్థానమునకు నిలిచి, బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిరి. 1957లో మంథని నుండి శాసనసభకు గెలిచి, ఇరువది ఏండ్లు ఆ స్థానమును నిలుపుకొనిరి. ఆయన ప్రధానమంత్రిగా నున్న దినములలోనే రాజ్యాంగపు 73వ సవరణ వచ్చినది. 1993 ఏప్రిల్ 24 నుండి అది అమలులో నున్నది. ఐదేండ్లకొకమారు ఎన్నిక, స్త్రీలకును షెడ్యూల్డు కులములకును తెగలకును రిజర్వేషన్లు, గ్రామసభ, పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు. కాగితముపై గ్రామ ప్రెసిడెంటు ఒక చిన్న రాజ్యమునకు అధిపతి అయ్యెను. ఆ 29లో ఎన్ని నిజముగా పంచాయతీకి దిగివచ్చెనను ప్రశ్నకు ఏ ప్రభుత్వమును సంతృప్తికరమైన సమాధానము చెప్పలేదు.

ఓటరు ఏమి కోరుచున్నాడు? నల్లాలో నీళ్లు, వీధిలో దీపము, మోరీ శుభ్రము, మట్టిదారికి సిమెంటు. ఇవి పంచాయతీ పనులే. అతడు ఇంకను కోరును: వృద్ధాప్యపు పింఛను, ఇల్లు, రేషను కార్డు, ధాన్యపు డబ్బు త్వరగా ఖాతాలో పడుట, కాలువ నీరు చివరి మడికి చేరుట. ధాన్యమును రైసుమిల్లులును నిండిన సుల్తానాబాద్ పరిసరములలో ఈ చివరి రెండును ప్రాణము వంటివి. కాని అవి సర్పంచు చేతిలోనివి కావు. కొనుగోలు కేంద్రము పౌరసరఫరాల శాఖది. శ్రీరాంసాగరు కాకతీయ కాలువ నీరు నీటిపారుదల శాఖది. పింఛను మంజూరు మండలమును దాటి పైకి పోవును. సర్పంచు చేయగలిగినది వెంట నడచుట, ఆఫీసులో నిలబడుట, ఒక మాట చెప్పుట. పల్లెలో సగము తీర్పు ఆ వెంట నడచుటపైననే ఆధారపడియుండును. పని కానివారు సైతము ‘మా సర్పంచు మూడుమార్లు తిరిగిండు’ అని క్షమింతురు. పని అయినవారు సైతము ‘మా ఇంటికి ఒక్కనాడును రాలేదు’ అని క్షమింపరు. దీనిని అవివేకమని కొట్టివేయరాదు. అధికారము లేనివానిని శ్రమను చూచియే కొలువవలెను గదా!

2019 నాటి అనుభవము ఈ విషయమున మిక్కిలి బోధకరము. 2018లో తెలంగాణ క్రొత్త పంచాయతీరాజ్ చట్టము చేసినది. నాలుగువేలకు పైగా క్రొత్త పంచాయతీలు వెలసి, మొత్తము సంఖ్య పన్నెండువేలు దాటెను; ఎన్నో తండాలు స్వతంత్రమైన ఊళ్లయ్యెను. 2019 జనవరిలో ఎన్నికలు జరిగి, ఫిబ్రవరి 2న క్రొత్తవారు బాధ్యతలు స్వీకరించిరి. సగము స్థానములు స్త్రీలవి. వెంటనే వేసవి వచ్చెను, బోరులు ఎండెను, లోక్‌సభ ఎన్నికల నియమావళి వచ్చెను. అయితే చెక్కులపై సంతకము చేయు అధికారము మాత్రము జూన్ నెల వరకు వారి చేతికి రాలేదు! వచ్చినప్పుడును ఒంటరిగా రాలేదు. చట్టము ప్రకారము ఉపసర్పంచుతో కలిసి సంతకము చేయవలెను. ఉపసర్పంచు ఎన్నిక పోలింగునాటి సాయంకాలమే, ఫలితము వెలువడిన వెనుకనే వార్డు సభ్యుల నడుమ జరుగును. ఓడిన పక్షమువారికి సభ్యులు ఎక్కువగా ఉన్నచో వారి మనిషియే ఉపసర్పంచు. ఊరి ఖజానాకు రెండు తాళములు, ఒక్కొక్క తాళము ఒక్కొక్క వర్గము కడ! ఈ చిక్కు ఓటరుకు కనబడదు. అతనికి కనబడినది ఎండిన నల్లా. అమెరికాలో 1933లో రూజ్‌వెల్టు అధ్యక్షుడైన నాటినుండి క్రొత్త అధ్యక్షుని మొదటి నూరు దినములను బట్టి అంచనా కట్టు వాడుక పుట్టినది. మన పల్లె ప్రెసిడెంటుకు ఆ నూరు దినములు చేతిలో కలము లేకుండగనే గడచిపోయినవి. మొదటి అభిప్రాయము మాత్రము అప్పుడే స్థిరపడినది.

ఆ పిదప 2019 సెప్టెంబరులో ‘పల్లె ప్రగతి’ వచ్చెను. ప్రతి ఊరికి నర్సరీ, చెత్త వేయు చోటు, శ్మశానవాటిక, ట్రాక్టరు, వనము. ఊళ్ల రూపము కొంత మారిన మాట నిజము. మారుటకు అయిన వెచ్చమును ఎందరో సర్పంచులు ముందుగా తమ చేతినుండి పెట్టిరి, అప్పు తెచ్చి పెట్టిరి. నెలకు కొన్ని వేల గౌరవ వేతనము తీసికొను మనిషి లక్షల పనులు చేయించి బిల్లుల కొరకు ఎదురుచూచుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. పదవి ముగిసిన తరువాత సైతము బకాయిల కొరకు మాజీ సర్పంచులు ఆందోళన చేయుట 2024లో రాష్ట్రమంతయు చూచినది. ఓటరు తన ఆశ తీరలేదని ఒకవైపు వగచుచుండగా, ఆ ఆశ తీర్చుటకు తాను మునిగితినని ప్రెసిడెంటు మరొకవైపు వగచును. ఇద్దరి మాటయు అబద్ధము కాదు.

ఇంతకంటె దుఃఖకరమైనది వేలము పాట. ఊరివారు కూడి సర్పంచు పదవిని పాటకు పెట్టి, ఎక్కువ పాడినవారికి ‘ఏకగ్రీవముగా’ కట్టబెట్టుట, ఆ సొమ్ముతో గుడి కట్టుకొనుట — ఇట్టి వార్తలు ప్రతి పంచాయతీ ఎన్నికలోను వచ్చుచున్నవి. తగవులు లేకుండ ఒక యోగ్యుని ఎన్నుకొనుట వేరు, అది మెచ్చదగినది. వేలము అట్టిది కాదు. రొక్కము ముందే పుచ్చుకొన్న ఊరు తరువాత ఏ ముఖముతో ప్రశ్నించును? అక్కడ ఓటరు ఆశ తీరలేదనుటకు లేదు. ఆశను అమ్ముకొన్నాడని చెప్పవలెను. గులాబీ రంగు బ్యాలెట్టు పత్రము సర్పంచుకు, తెల్లనిది వార్డు సభ్యునకు అని పోలింగు విధులలో నేర్చుకొను ఉపాధ్యాయులకు ఆ గులాబీ కాగితము విలువ తెలియును. వేలము జరిగిన ఊరికి అది రానే రాదు.

నిరాశ చెందిన ఓటరుకు నడిమధ్యలో చేయదగినది ఏమైన కలదా? మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములలో పట్టణపు అధ్యక్షుని ప్రజలే మరల ఓటు వేసి దింపవచ్చును. ఆ ఎన్నికలో గుర్తులు రెండే: ఒకటి ఖాళీ కుర్చీ, రెండవది మనిషి కూర్చున్న కుర్చీ. ఖాళీ కుర్చీకి ఎక్కువ ఓట్లు పడినచో అధ్యక్షుడు లేవవలసినదే. 2008లో ఛత్తీస్‌గఢ్‌లో ముగ్గురు అట్లు లేచిపోయిరి. తెలంగాణ పల్లెలో ఈ పద్ధతి లేదు. ఇక్కడ సర్పంచును కలెక్టరు సస్పెండు చేయగలరు గాని, ఎన్నుకొన్న ఓటరు దింపలేడు. పైవారికి జవాబుదారిగాను, క్రిందివారికి మొగమాటపు బంధువుగాను సర్పంచు మిగిలిపోయెను. కలెక్టరు మెప్పు పొందిన ప్రెసిడెంటు ఊరి మెప్పు పొందినవాడే యని అనుకొనుటకు వీలులేదు.

ఓటరు చేతిలో మిగిలినది గ్రామసభ. 2018 చట్టము రెండు నెలలకొకమారు దానిని జరుపవలెనని విధించినది. జమాఖర్చులు, ఆడిటు అభ్యంతరములు, చేయవలసిన పనులు, అర్హుల జాబితాలు అక్కడ చదివి వినిపింపవలెను. రచ్చకట్టపై నిలిచిన ప్రశ్నకు చట్టమిచ్చిన చోటు ఇదే. కాని నాట్లప్పుడును కోతలప్పుడును సభకు వచ్చువారు తక్కువ; వచ్చినవారు తమ పేరు జాబితాలో ఉన్నదా యని చూచుకొని వెళ్లుదురు. లెక్కలు చదువు సమయమునకు కుర్చీలు ఖాళీ. ఛత్తీస్‌గఢ్ ఓటరు ఖాళీ కుర్చీతో అధ్యక్షుని దింపెను. మన ఓటరు ఖాళీ కుర్చీతో అధ్యక్షుని నిర్భయుని చేయుచున్నాడు.

ప్రెసిడెంటే లేని ఊరు ఎట్లుండునో కూడ ఈ ప్రాంతము చూచినది. 2024 ఫిబ్రవరి మొదట సర్పంచుల కాలము తీరెను. ఎన్నికలు జరుగలేదు. ఒక్కొక్క ప్రత్యేకాధికారికి తన శాఖ పనితోపాటు ఊరును అప్పగించిరి. ఎన్నికైన పాలకవర్గము లేనందున కేంద్ర ఆర్థిక సంఘపు నిధులు నిలిచిపోయెను. 2025 డిసెంబరులో మూడు విడతలుగా పోలింగు జరుగువరకు దాదాపు రెండేండ్లు ఇదే స్థితి. ఆశ తీర్చని సర్పంచునైన ఉదయమున ఇంటి ముందు నిలిచి పిలువవచ్చును. ప్రత్యేకాధికారి ఇల్లు ఎక్కడో ఊరివారికి తెలియదు. ‘ఉన్నప్పుడు విసుగు, లేనప్పుడు విలువ’ అను అనుభవము అప్పుడు చాలమందికి కలిగినది.

సుల్తానాబాద్ పట్టణము మాటకు వచ్చినచో స్థితి వేరు. 2018లో అది పురపాలక సంఘమైనది. అంతకుమున్ను పంచాయతీగా నున్నప్పుడు ఇచ్చటి ఓటరు సర్పంచును నేరుగా ఎన్నుకొనెడివాడు. 2020 జనవరి ఎన్నికలలో అతడు తన వార్డు కౌన్సిలరునకు మాత్రమే ఓటు వేసెను. అధ్యక్షస్థానమున ఎవరు కూర్చుండవలెనో కౌన్సిలరులు తేల్చిరి. ఊరు పెరిగి పట్టణమైనది, పన్ను పెరిగినది, ఓటు మాత్రము ఒక మెట్టు తగ్గినది. కరీంనగరునుండి పెద్దపల్లికి పోవు రాజీవ్ రహదారి వెంట నిలిచి చూచినచో, పొలిమేరకు ఆవల గర్రెపల్లి ఓటరు ‘మా సర్పంచు ఏమి చేసెను?’ అని అడుగును. ఈవల పట్టణపు ఓటరు మొదట ‘మా చైర్మనును ఎవరు చేసిరి?’ అని అడుగవలసియున్నది.