విత్తులు కూర్చినవాడును, చేవ్రాళ్లు చేసినవారును

1941-42 సంవత్సరముల శీతకాలమున లెనిన్‌గ్రాడ్ నగరమును జర్మను సేనలు చుట్టుముట్టియుండెను. ఆ నవంబరు, డిసెంబరు మాసములలో అచటి గుమాస్తాకును, పసిబిడ్డకును దినమునకు దొరకిన రొట్టె 125 గ్రాములు. మన పాత తూకమున పది తులములకు కొంచె మెక్కువ. అట్టి దినములలో ఆ నగరమధ్యమందలి యొక విజ్ఞానమందిరమున గోధుమలు, వరి, మొక్కజొన్న, బఠాణీలు, వేరుసెనగలు గదుల నిండ ఉండెను. ఆ గదులకు కాపున్నవారు ఆకలిచే ఒక్కొక్కరుగా మరణించిరి. వరి విత్తనములను కాపాడుచుండిన దిమిత్రి ఇవానోవ్ వేలకొలది వరిపొట్లముల నడుమ ప్రాణము విడిచెను. వేరుసెనగ విత్తనములకు అధికారియైన అలెగ్జాండర్ శుకిన్ తన వ్రాతబల్లయొద్దనే ఒరిగిపోయెను. వారిలో నెవరును ఒక్క పొట్లమును విప్పలేదు.

ఎంత కఱవు వచ్చినను విత్తనపుకుండపై చేయి వేయరాదని మన పల్లెల ముసలమ్మలు చెప్పుదురు. కాని ఆ కుండ తమ చేనికొఱకు, తమ బిడ్డలకొఱకు దాచుకొనునది. ఇవానోవ్ కాపాడిన కుండ ఏ యొక్కరిదియు కాదు. దానిని కూర్చినవాడు, దానిని కాపాడవలెనని వారికి నేర్పినవాడు, ఆ సమయమున ఆ నగరమునకు బహుదూరమున, వోల్గా తీరమందలి సరాతోవ్ చెఱసాలలో తానును ఆకలితో కృశించుచుండెను. ఆయనను బంధించినది జర్మనులు కారు. ఆయన తన చేతులతో కట్టిన పరిషత్తులకు యజమానులైన స్వదేశ ప్రభుత్వమువారే. ఆయన పేరు నికొలాయి వావిలోవ్.

వావిలోవ్ 1887 లో మాస్కోలో జన్మించెను. ఇంగ్లండునకు పోయి, జన్యుశాస్త్రమునకు ఆద్యులలో నొకడగు బేట్సన్ వద్ద అభ్యసించెను. తరువాత సరాతోవ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1920 లో అచట కూడిన పైరుల శాస్త్రజ్ఞుల మహాసభలో, ఒకదానితో నొకటి సంబంధముగల పైరులలో మార్పులు ఒకే వరుసగా కానవచ్చునను సిద్ధాంతమును చదువగా, సభాసదులు ఆయనను రసాయనశాస్త్రమున మెండలీయెవ్‌తో పోల్చిరి. మఱుసటి యేట ఆయన పెట్రోగ్రాడ్ చేరెను. పారశీకము, ఆఫ్ఘనిస్థానము, అబిసీనియా, చీనా, జపాను, అమెరికాలు తిరిగి, ఎచటెచట మానవుడు మొదట పైరులను మచ్చిక చేసికొనెనో అచటచట కొండవాలులను, సంతలను గాలించి, రైతుల గాదెలనుండి పిడికెడు పిడికెడు గింజలు తెచ్చెను. వరికి, చెఱకునకు, మామిడికి పుట్టినిల్లు మన భారతభూమియని ఆయన తన గ్రంథములలో నిర్ణయించెను. 1940 నాటికి ఆ సంగ్రహమున సుమారు రెండున్నర లక్షల మచ్చులుండెను. ఒక తెగులు వచ్చి దేశపు గోధుమ యంతయు నాశనమైనను, దానిని తట్టుకొను గోధుమ ఎచటనో యొక కొండపల్లెలో ఉండునని, దానిని ముందుగనే వెదకి దాచవలెనని ఆయన పట్టుదల. 1929 లో అఖిల సోవియట్ వ్యవసాయ విజ్ఞాన పరిషత్తు వెలసినప్పుడు దాని ప్రథమాధ్యక్షపీఠము ఆయనదే.

ఇంతవఱకు కథ సుఖముగనే నడచెను. ఇక రెండవ పాత్రను ప్రవేశపెట్టవలెను. ఆ పాత్రను ప్రవేశపెట్టినది మా వృత్తివారేయని చెప్పుకొనుటకు మేము సిగ్గుపడుచున్నాము. 1927 లో ప్రావ్దా పత్రిక విలేఖరి యొకడు అజర్‌బైజాన్‌లో పనిచేయుచుండిన ట్రోఫిం లైసెంకో అను యువకుని చూడబోయెను. చలికాలమున బఠాణీలు పండించి పొలములను పచ్చగా ఉంచు మార్గమును ఆతడు కనుగొనెనని, నిజమైన శాస్త్రజ్ఞుడు కాళ్లకు జోడు లేక పొలముననే ఉన్నాడని ఆ విలేఖరి రమ్యముగా వ్రాసెను. ఆ యువకుని ముఖము చూచిన పంటినొప్పి జ్ఞప్తికి వచ్చునని కూడ వ్రాసెను; ఆ వ్యాసమున మిక్కిలి ఖచ్చితమైన పరిశీలన అదియొక్కటే యని మాకు తోచును. బఠాణీల సంగతి తరువాతి యేండ్లలో ఎవరును ఎత్తలేదు. కాని పత్రికలో పేరు పడెను. పత్రికలో పడిన పేరు పొలమున పండని గింజకంటె ఎక్కువకాలము నిలుచును.

తరువాత లైసెంకో శీతకాలపు గోధుమ విత్తనమును నానబెట్టి, చలిలో ఉంచి, వసంతమున చల్లిన వెంటనే పండునని ప్రకటించెను. మార్గము క్రొత్తది కాదు. కొంత వాస్తవమును అందు లేకపోలేదు. అయినను దానిని సర్వరోగ నివారిణిగా దేశమంతట అమ్మజూపెను. అదియొక కఱవు కాలము. పొలములను బలవంతముగా సమష్టి వ్యవసాయమున చేర్చినందున పంటలు క్షీణించెను. 1932-33 లో ఉక్రెయినునందు లక్షలకొలది రైతులు చచ్చిరి. ప్రభుత్వమువారు తమ తప్పును ఒప్పుకొనుటకు మాఱు, పది పండ్రెండేండ్లు పట్టు క్రొత్తరకముల పెంపకమును నాలుగేండ్లలో ముగింపవలెనని 1931 లో ఉత్తర్వు చేసిరి. వావిలోవ్ అది కాదని చెప్పెను. లైసెంకో అంతకంటె త్వరగా చేసెదననెను. ఉత్తర్వు చేసినవాని చెవికి ఏది ఇంపుగా ఉండునో వేఱుగ వ్రాయ నక్కఱలేదు.

ఒక్క విషయమును దాచరాదు. ప్రారంభమున లైసెంకోను పైకి తెచ్చినవారిలో వావిలోవ్ కూడ నొకడు. రైతుబిడ్డ, చదువు తక్కువవాడు, ఉత్సాహవంతుడు. ఇట్టివానికి చేయూత నీయవలెనని ఆ పెద్దమనుష్యుడు తలచెను. సభలలో ఆతని పనిని మెచ్చుకొనెను. గౌరవములకు ఆతని పేరును సూచించెను. మోసమును చూచి నవ్వవలసినచోట మర్యాదకు మౌనము వహించుట పండితులకు సహజమైన దోషము. దానికై ఈయన చెల్లించిన మూల్యము మిక్కిలి అధికము.

1935 లో క్రెమ్లినునందు జరిగిన సమష్టి వ్యవసాయకుల మహాసభలో లైసెంకో లేచి, శాస్త్రరంగమునను వర్గశత్రువులున్నారని పలుకగా, స్టాలిన్ స్వయముగా లేచి భళీయని మెచ్చెను. ఆ యేడే వావిలోవ్ అధ్యక్షపదవి పోయెను. ఆయన తరువాత ఆ పీఠమెక్కిన మురాలోవ్‌ను, ఆతని వెనుక తాత్కాలికముగా వచ్చిన మైస్టర్‌ను పోలీసులు పట్టుకొని కాల్చిచంపిరి. 1938 లో లైసెంకో ఆ పీఠముపై కూర్చుండెను. జన్యువులు లేవని, అది విదేశీయుల కల్పనయని, గోధుమపైరున రై గింజలు పుట్టగలవని ఆతడు బోధించెను. మన కాపు ఎవడైన జొన్నచేనిలో సజ్జలు పుట్టినవని చెప్పిన, ప్రక్కచేని గింజలు కలిసినవని పసులకాపరి పిల్లవాడును నవ్వును. ఆ పరిషత్తున మాత్రము పండితులు చప్పట్లు కొట్టిరి.

1939 లో ఎడింబరో నగరమున ప్రపంచ జన్యుశాస్త్ర మహాసభ జరిగెను. అది మొదట 1937 లో మాస్కోలో జరుగవలసినది, ప్రభుత్వమువారు కానీయలేదు. ఎడింబరో సభకు వావిలోవ్‌నే అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. ఆయనకు ప్రయాణమునకు సెలవు దొరకలేదు. అదే సంవత్సరమున ఆయన తన సంస్థలోని సమావేశమున, తమ్ము చితిపై వేసినను నమ్మిన సత్యమును విడువమని పలికెను. 1940 ఆగష్టు 6 వ తేదీని, ఉక్రెయిను పశ్చిమభాగమున చెర్నోవిట్సి సమీపమందు విత్తనములు సేకరించుచుండగా, మాస్కోకు తక్షణము రావలెనను మిషతో నలుపురంగు కారులో వచ్చిన మనుష్యులు ఆయనను కొనిపోయిరి. ఆయన సంచిలో ఆ దినమున దొరకిన ప్రాచీనజాతి గోధుమ యొకటి మిత్రులకు కనబడెను.

నియంత క్రూరుడని తెలిసికొనుటకు ఎవరికిని మా వ్యాసము అక్కఱలేదు. మా ప్రశ్న వేఱు. గూఢచారియనియు, వ్యవసాయమును చెఱచినవాడనియు ఆయనపై మోపిన నేరమునకు పోలీసులు పండితుల యోగ్యతాపత్రమును కోరిరి. అయిదుగురు నిపుణులతో ఒక సంఘమును నియమించిరి. ఆ పేర్ల పట్టీని లైసెంకో ఆమోదించెను. ఆ సంఘమువారు ఎన్నడును కూడి చర్చింపలేదనియు, ముందుగా సిద్ధమైన నివేదికపై చేవ్రాళ్లు చేసిరనియు 1955 నాటి పునర్విచారణలో వెల్లడియయ్యెను. అయిదుగురును పైరుల సంగతి తెలిసినవారే. ఆ నివేదిక అబద్ధమని పోలీసునకు తెలియకపోవచ్చును, వారికి తెలియును. మన పాఠకులలో పెక్కుమంది ఏదో యొక పాఠశాల కమిటీలోనో, దేవస్థానపు ధర్మకర్తల సభలోనో, సహకార సంఘములోనో సభ్యులై యుండిరి. ముందు సిద్ధమైన కాగితము బల్లమీద చుట్టు తిరిగి తమ వద్దకు వచ్చినప్పుడు, ప్రక్కవాడు చేసెను గదా యని కలము తీసిన ఘడియను జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. మాకును అట్టి ఘడియలు కలవు.

చేవ్రాలు చేయనివాడును ఉండెను. వావిలోవ్ గురువు ప్ర్యానిష్నికోవ్ అప్పటికే డెబ్బదియేండ్లు దాటినవాడు. శిష్యుడు చెఱలో ఉండగనే, ఆయనను రాజ్యపు అత్యున్నత బహుమానమునకు సిఫారసు చేసెను; రహస్యపోలీసు శాఖాధిపతి బేరియా యొద్దకు పోయి మొఱపెట్టుకొనెను. ఆ ముసలివానిని ఎవరును ఏమియు చేయలేదు. ఎదిరించినవారందఱును తప్పక చత్తురని ఆ అయిదుగురు నిశ్చయించుకొనుటకు ఆధారమేమి?

1941 జూలైలో కొన్ని నిమిషముల విచారణతో వావిలోవ్‌నకు మరణశిక్ష విధించిరి. మఱుసటి యేట దానిని ఇరువదియేండ్ల చెఱగా తగ్గించిరి. ఆయన సహోద్యోగి కార్పెచెంకోను కాల్చిచంపిరి. లెవిట్‌స్కీ చెఱలో మరణించెను. వావిలోవ్ బందీగా ఉండి తోడిఖైదీలకు జన్యుశాస్త్రమును బోధించెను. ప్రపంచ వ్యవసాయచరిత్రను ఒక గ్రంథముగ వ్రాసెను. ఆ వ్రాతప్రతి మిగులలేదు. 1943 జనవరి 26 వ తేదీని, ఒకనాడు తనను కీర్తించిన సరాతోవ్ నగరమునందే, అన్నములేక క్షీణించి ఆయన మరణించెను. ప్రపంచమునకు కఱవు రాకూడదని విత్తనములు కూర్చినవాడు ఆకలిచే చచ్చుటను విధివిలాసమని మేమనము. దానిని కాగితములమీద వ్రాసి, ముద్రలు వేసి జరిపించిరి.

దీనిలో మిక్కిలి మనసు కలచునది ఆయన తమ్ముని సంగతి. సెర్గేయి వావిలోవ్ గొప్ప భౌతికశాస్త్రజ్ఞుడు. అన్న చనిపోయిన రెండేండ్లకు, 1945 లో, ఆయనను సోవియట్ విజ్ఞాన అకాడమీకి అధ్యక్షుని చేసిరి. 1948 ఆగష్టులో లైసెంకో తన నివేదికను పార్టీ కేంద్రసంఘము అంగీకరించెనని వ్యవసాయ పరిషత్తున ప్రకటించెను. అంతటితో వాదము ముగిసెను. ముందునాటి దినమున ఎదిరించినవారిలో ముగ్గురు అచటనే క్షమాపణ చెప్పుకొనిరి. యుద్ధమున ఒక కన్ను కోల్పోయిన రాపపోర్ట్ మాత్రము చెప్పలేదు; పార్టీనుండి బహిష్కృతుడయ్యెను. అదే మాసమున అకాడమీ కార్యవర్గము కూడి లైసెంకో మతమును ఆమోదించి, జన్యుశాస్త్ర ప్రయోగశాలను మూయించెను. ఆ సమావేశమున అధ్యక్షుడు సెర్గేయియే. ఆయన తన కుర్చీలో ఉండి ఎందఱనో లోలోపల కాపాడెనని కొందఱందురు. ఆయనను నిందించుటకు మాకు నోరు రాదు. కాని అన్నను చంపినవానికి తమ్ముని చేవ్రాలుతో జయపత్రమిప్పించగల సంస్థ ఎంతటి బలము గలదో పాఠకులు ఊహించుకొనవలెను.

దేశాంతరముననున్న స్నేహితులమాటయు ఒకటి చెప్పవలెను. హాల్డేన్ మహాశయుడు వావిలోవ్‌ను ఎఱిగినవాడు, జన్యుశాస్త్రమున అగ్రగణ్యుడు. 1957 లో మన దేశమునకు వచ్చి, 1964 లో భువనేశ్వరమున కన్నుమూసిన ఆయనయెడ మాకు భక్తి కలదు. అయినను 1948 లో లండను రేడియోలో లైసెంకోను గూర్చి మాటలాడవలసి వచ్చినప్పుడు, ఆయన సగము మెచ్చి సగము విడిచి తప్పుకొనెను. ఆయనకు పోలీసుల భయము లేదు. తన పార్టీయందలి విశ్వాసమే ఆయన నోరు మూసెను. ఆ పార్టీని ఆయన తరువాత కొలదికాలమునకే విడిచెను.

1955 లో సోవియట్ న్యాయస్థానము వావిలోవ్ నిర్దోషియని తీర్పు చెప్పెను. లైసెంకో మాత్రము, 1940 లో వావిలోవ్ నుండి సంక్రమించిన జన్యుశాస్త్ర సంస్థాధ్యక్షతను 1965 వఱకు అనుభవించెను. ఆతని అకాడమీ సభ్యత్వమును ఎవరును తీసివేయలేదు. 1976 లో అకాడమీ సభ్యుడుగనే చనిపోయెను. లెనిన్‌గ్రాడ్ నగరమునకు నేడు మరల సెయింట్ పీటర్స్‌బర్గ్ అని పేరు; ఇవానోవ్ తినని వరిగింజలున్న సంస్థ నేడు వావిలోవ్ పేర వెలయుచున్నది. సరాతోవ్ శ్మశానమున ఆయన స్మారకశిల కలదు. ఖైదీలనందఱను కలిపి పూడ్చిన గుంట లెన్నియో అచట కలవు. ఆయన ఏ గుంటలో నున్నాడో ఎవరికిని తెలియదు.