తప్పు చేతిది కాదు... బటన్‌ది!

కొరియర్ అబ్బాయి చిన్న పరికరం చేతికిచ్చి 'ఇక్కడ సంతకం పెట్టండి సార్' అంటాడు. ముప్ఫై ఏళ్లుగా పెడుతున్న సంతకమే. తెరమీద మాత్రం కోడి కెలికినట్టు వస్తుంది. సరేలే అని 'ఓకే' నొక్కబోతే పక్కనున్న 'క్లియర్' తగిలి అదీ చెరిగిపోతుంది. 'వయసైపోయింది, చెయ్యి నిలవట్లేదు' అని నాన్నగారు చిన్నబుచ్చుకుంటారు. ఆగండాగండి... తప్పు ఆయన చేతిది కాదు!

తెరమీది బటన్లు, మెనూలు, స్క్రోల్‌బార్లు చాలావరకు మౌసు కోసం పుట్టినవి. మౌసు బల్లమీద కుదురుగా ఉంటుంది. మీట నొక్కినా బాణం గుర్తు కదలదు. స్టైలస్ అలా కాదు. గాల్లోంచి దిగాలి. దిగేటప్పుడు కాస్త జారుతుంది. ఆ జారుడును కంప్యూటర్ 'నొక్కడం' అనుకోదు, 'లాగడం' అనుకుంటుంది. అంతే, బటన్ పలకదు!

డబుల్ క్లిక్ మరీ కష్టం. విండోస్ మామూలు అమరికలో అర సెకనులోపు రెండుసార్లు, దాదాపు ఒకేచోట తగలాలి. మౌసుకిది చిటికెలో పని. పెన్నుతోనా... సూదిలో దారం ఎక్కించడమే!

ఇంకోటి. మౌసు బాణాన్ని ఏ బొమ్మమీదైనా ఉంచితే చాలు, అదేమిటో చిన్న వివరం కనిపిస్తుంది. ఒత్తిడితో పనిచేసే తెరకేమో పెన్ను తాకేదాకా అది ఉన్నట్టే తెలియదు. కుడిచేత్తో రాసేవారికి కుడివైపు తెరుచుకునే మెనూ అరచేతి కిందే దాక్కుంటుంది. పైన గాజు మందంగా ఉంటే మొన ఒకచోట, గీత మరోచోట!

కంపెనీలూ తిప్పలు పడ్డాయి. 2002లో వచ్చిన టాబ్లెట్ పీసీల్లో రైట్ క్లిక్ కోసం పెన్నును తెరమీద కాసేపు నొక్కిపట్టే పద్ధతి పెట్టారు. 2007 జనవరిలో ఐఫోన్‌ను పరిచయం చేస్తూ స్టీవ్ జాబ్స్ 'స్టైలస్ ఎవరిక్కావాలి' అన్నట్టే మాట్లాడారు. మరి 2015లో అదే యాపిల్ 'పెన్సిల్' తెచ్చింది. వేలు నొక్కడానికి బాగానే ఉంటుంది... రాయాలన్నా, గీయాలన్నా మొన ఉండాల్సిందే!

మరి పరిష్కారం? గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే చెయ్యి అక్కడికి చేరడానికి అంత సమయం పడుతుందని 1954లోనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ చెప్పారు. అంటే బటన్లు పెద్దవి కావాలి. మధ్యలో ఖాళీ ఉండాలి. చెరిపేసే బటన్ దూరంగా జరగాలి.

అందుకే ఈసారి సంతకం వంకరపోతే నాన్నగారిని కంగారు పెట్టకండి. కాగితంమీద పెట్టి చూపించమనండి. ముత్యాల్లా వస్తుంది!