నీళ్ళ లెక్క కట్టే మూత్రపిండాలు



ఈసారి గోడపత్రికకు మూత్రం గురించి రాస్తానని చెప్పగానే మా క్లాసంతా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వితే నవ్వండి గాని చివరిదాకా చదవండి. ఎండాకాలం సెలవుల్లో నేను చూసిందీ, ఇప్పుడు పదవ తరగతి జీవశాస్త్రంలో 'విసర్జన' పాఠంలో చదివిందీ కలిపి రాస్తున్నాను.

మా అమ్మానాయినలు హైదరాబాదులో కూలి పని చేస్తారు. నాయిన సెంట్రింగ్ పని, అమ్మ తట్ట మోస్తుంది. హైటెక్ సిటీ అద్దాల మేడలను మీరు పేపర్లో చూసే ఉంటారు. మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటి నుండి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాకా మేడలు లేస్తూనే ఉన్నాయి. వాటికి తట్టలు మోసిన తలల్లో మన పాలమూరు తలలు చాలా ఉన్నాయి. మావాళ్ళు కట్టే బిల్డింగు పక్కనే రేకుల షెడ్డులో ఉంటారు. మే నెలలో నేను ఇరవై రోజులు అక్కడే ఉన్నాను.

మా పెద్దనాయిన బిడ్డ దగ్గరలోనే ఒక ఏసీ ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. ఒక రాత్రి అన్నం తింటూ అక్క, "చిన్నమ్మా, ఆ చల్లదనంల గంట గంటకు బాత్రూంకు పోవాలనిపిస్తది" అన్నది. అమ్మ నవ్వి, "నాకైతే పొద్దుగాల పోతే మళ్ళ చీకటి పడ్డంకనే. అది గూడ ఇంతంత, పసుపు నీళ్ళ లెక్క. మంట గూడ" అన్నది.

ఇద్దరూ పొద్దున ఒకే డబ్బా నుండి సీసాలు నింపుకుని పోతారు. మరి ఇంత తేడా ఎందుకు? ఆ ప్రశ్న నా మనసులో ఉండిపోయింది. పాఠం చెప్పినప్పుడు జవాబు దొరికింది.

పెట్టెలు బోర్లించినట్టు

మన వీపు వైపు, వెన్నెముకకు చెరో పక్కన చిక్కుడు గింజ ఆకారంలో రెండు మూత్రపిండాలు ఉంటాయి. ఒక్కొక్కటి మన పిడికిలంత. బరువు సుమారు 150 గ్రాములు. ఇంత చిన్నవే గాని గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు వీటికే పోతుంది. ఒక్కో దానిలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. నెఫ్రాన్ అంటే కంటికి కనపడనంత సన్నని వడపోత గొట్టం.

ఆ గొట్టం మొదట్లో గిన్నెలాగా బౌమన్ గుళిక, గిన్నెలో సన్నని రక్తనాళాల ఉండ ఉంటాయి. ఆ ఉండ పేరు రక్తకేశనాళికా గుచ్ఛం. దానిలోకి రక్తం తెచ్చే నాళం వెడల్పుగా, తీసుకుపోయే నాళం సన్నగా ఉంటుంది. అందువలన లోపల ఒత్తిడి ఎక్కువై నీరు, ఉప్పు, గ్లూకోజు, యూరియా గిన్నెలోకి కారతాయి. రక్తకణాలు, పెద్ద ప్రొటీన్లు ఆ జల్లెడ దాటలేవు. దీనినే గుచ్ఛగాలనం అంటారు.

ఇలా రోజుకు ఎంత కారుతుందో తెలుసా? సుమారు 180 లీటర్లు! అంటే 20 లీటర్ల నీళ్ళ డబ్బాలు తొమ్మిది. పెద్దవాళ్ళ ఒంట్లో ఉండే రక్తమే దాదాపు 5 లీటర్లు. ఇదంతా బయటికి పోతే మనిషి గంటైనా బతకడు.

ఆదివారం మన పెట్టెల తనిఖీ గుర్తు తెచ్చుకోండి. పెట్టె మొత్తం చాప మీద బోర్లించి, కావలసినవి మళ్ళీ లోపల సర్దుకుని, చినిగిన కాగితాలు, చెత్త బయట వదిలేస్తాము. కిడ్నీ చేసేదీ అదే. ముందు అన్నీ బయటపెడుతుంది, తరువాత ఏరుకుంటుంది. గొట్టం మొదటి మెలికల్లోనే గ్లూకోజు అంతా, నీరు, ఉప్పు మూడింట రెండు వంతుల దాకా రక్తంలోకి తిరిగి వస్తాయి. దీని పేరు వరణాత్మక పునశ్శోషణం. తరువాత ఉన్న హెన్లీ శిక్యం కిడ్నీ లోపలి భాగాన్ని ఉప్పగా ఉంచుతుంది. ఎందుకో కింద చెపుతాను. ఎక్కువైన పొటాషియం, ఆమ్లం, కొన్ని మందులు రక్తం నుండి గొట్టంలోకి చేరతాయి. దీనిని నాళికాస్రావం అంటారు. చివరికి 180 లీటర్లలో బయటికి వచ్చేది ఒకటిన్నర లీటరు మాత్రమే!

తలుపులు తెరిచే హార్మోను

ఆ చివరి నీళ్ళ లెక్క రోజూ ఒకేలా ఉండదు. దాన్ని మన మెదడు నిర్ణయిస్తుంది. మెదడు అడుగున హైపోథలామస్ అనే చోటు రక్తం ఎంత ఉప్పగా ఉందో ఎప్పుడూ చూసుకుంటూ ఉంటుంది. చెమట పోయి నీళ్ళు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. వెంటనే దాహం పుట్టిస్తుంది, పీయూష గ్రంథి నుండి వాసోప్రెస్సిన్ అనే హార్మోనును వదిలిస్తుంది.

వాసోప్రెస్సిన్ రక్తంలో ప్రయాణించి నెఫ్రాన్ చివర ఉండే సంగ్రహణ నాళానికి చేరుతుంది. అక్కడ నీటికోసం చిన్న చిన్న తలుపులు తెరుచుకుంటాయి. చుట్టూ హెన్లీ శిక్యం చేసిన ఉప్పదనం ఉంది కదా, అది నీటిని లాక్కుంటుంది. నీరు రక్తంలోకి పోతుంది, మూత్రం కొద్దిగా, చిక్కగా, పచ్చగా మిగులుతుంది. నీళ్ళు బాగా తాగితే వాసోప్రెస్సిన్ తగ్గుతుంది, తలుపులు మూసుకుంటాయి, మూత్రం ఎక్కువగా, తేటగా వస్తుంది. ఈ తలుపుల పేరు ఆక్వాపోరిన్లు. వాటిని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది.

నీళ్ళతో పాటు ఉప్పు లెక్క కూడా ఉంది. రక్తపు ఒత్తిడి తగ్గితే కిడ్నీయే రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. దాని వలన కిడ్నీల మీద టోపీల్లాగా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల నుండి ఆల్డోస్టిరాన్ వస్తుంది. అది ఉప్పును వెనక్కి తెస్తుంది, ఉప్పు వెంట నీరు వస్తుంది. ఒంట్లో నీరు మరీ ఎక్కువైతే గుండె తానే ఒక హార్మోను పంపి, ఉప్పును, నీటిని వదిలెయ్యమని కిడ్నీకి చెపుతుంది. గుండె కూడా హార్మోను పంపుతుందని నాకు ఇప్పుడే తెలిసింది!

ఇప్పుడు అక్క, అమ్మల సంగతి తెలిసింది కదా. ఏసీలో చెమట పట్టదు. తాగిన నీరు మూత్రంగా పోవలసిందే. ఎండలో స్లాబ్ మీద బరువు మోస్తే గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. అందుకే అమ్మ ఒంట్లో వాసోప్రెస్సిన్ తలుపులన్నీ తెరిచి ఉంచింది.

పొదుపు చేస్తాయి గాని పుట్టించలేవు

ఇక్కడే అసలు సంగతి ఉంది. మన కిడ్నీ రక్తం కంటే నాలుగు రెట్ల దాకా మాత్రమే మూత్రాన్ని చిక్కగా చేయగలదు. రోజూ తయారయ్యే యూరియా వంటి మలినాలు పోవాలంటే కనీసం అర లీటరు నీరు ఖర్చు కావలసిందే. కిడ్నీ నీళ్ళను పొదుపు చేయగలదు గాని పుట్టించలేదు.

అమ్మ నీళ్ళు ఎందుకు తాగదో నేను రెండు రోజులు చూసి తెలుసుకున్నాను. సీసా సాయంత్రానికి సగం మిగిలే వచ్చేది. పని చేసే చోట ఆడవాళ్ళకు బాత్రూం లేదు. మగవాళ్ళు గోడ చాటుకు పోతారు. ఆడవాళ్ళు చీకటి పడేదాకా ఆపుకుంటారు. "తాగితేనే గదా బిడ్డా పోవాల్సొచ్చేది" అన్నది అమ్మ. అక్క బలవంతంగా బస్తీ దవాఖానాకు తీసుకుపోయింది. డాక్టరమ్మ పరీక్ష చేయించి, మూత్రంలో సూక్ష్మజీవులు చేరాయని మందులిచ్చింది. తక్కువ తాగి, ఎక్కువసేపు ఆపుకుంటే మూత్రాశయంలో సూక్ష్మజీవులు పెరుగుతాయట. ఆడవాళ్ళకు మూత్రం బయటికి వచ్చే దారి పొట్టిది కాబట్టి అవి సులువుగా లోపలికి చేరతాయట. చిక్కని మూత్రంలో రాళ్ళు కూడా కడతాయట. ఒళ్ళు నొప్పులకు అమ్మ రోజూ వేసుకునే గోలీలు కూడా మానమన్నది. నీళ్ళు తగ్గిన ఒంటిలో నొప్పి గోలీలు కిడ్నీలను దెబ్బ తీస్తాయి.

ఎండలో పనిచేసే వాళ్ళ కిడ్నీల గురించి లోకమంతా ఆలోచిస్తున్నది. మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కూలీల్లో షుగరు, బీపీ లేకుండానే కిడ్నీలు చెడిపోతున్నాయి. ఎండ వేడి, మళ్ళీ మళ్ళీ నీరు తగ్గడం ముఖ్య కారణాలని శాస్త్రవేత్తలు అనుమానిస్తున్నారు. మన తెలుగు నేల మీదే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరి, జీడి తోటల పల్లెల్లో ఎంతోమంది రైతులు, కూలీలు కిడ్నీ జబ్బుతో చనిపోయారు. అక్కడ కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. వారి కోసం 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. చెడిపోయిన కిడ్నీ నెఫ్రాన్లు మళ్ళీ మొలవవు. అందుకే ముందే కాపాడుకోవాలి.

మన సంగతి

అమ్మకు చెప్పిన నేనే హాస్టల్‌కు వచ్చి ఏం చేశాను? సాయంత్రం ఆరు దాటితే నీళ్ళు ముట్టడం మానేశాను. ఎందుకో మీకందరికీ తెలుసు. బాత్రూం దూరం, దారిలో లైటు లేదు, పాముల భయం. మనలో ఎంతమందిమి ఇలా చేస్తున్నామో చేతులెత్తితే తెలుస్తుంది. అందుకే ఈ మూడు పనులు చేద్దాం.

ఒకటి, రాత్రి ఎవరికి లేవాలనిపించినా పక్కమంచం వాళ్ళను లేపాలి. లేపితే ఎవరూ విసుక్కోవద్దు. రెండు, దారిలో బల్బు కోసం అందరం సంతకాలు పెట్టి వార్డెన్ మేడం గారికి కాగితం ఇద్దాం. మూడు, రోజూ రంగు చూసుకోవాలి. లేత గడ్డి రంగు ఉంటే మంచిది. పసుపు ముదిరితే నీళ్ళు తాగాలి. మంట, జ్వరం, ఎరుపు ఉంటే సిగ్గుపడక నర్సమ్మకు చెప్పాలి.

పోయిన ఆదివారం ఫోనులో, "అమ్మా, నీళ్ళు తాగుతున్నవా?" అని అడిగాను. "నేను తాగుతున్న గాని, నువ్వు తాగుతున్నవా?" అన్నది. నాకు జవాబు రాలేదు. ఈ ఆదివారం చెప్పాలి.

మీకు తెలుసా?
ప్రశ్న: సారా తాగినవాళ్ళు మాటిమాటికీ ఎందుకు లేచిపోతారు?
జవాబు: సారా వాసోప్రెస్సిన్‌ను అణచివేస్తుంది. తలుపులు మూసుకుని ఒంట్లో నీరు ఎక్కువగా పోతుంది. తెల్లారి వాళ్ళ నాలుక పిడచ కట్టడానికి అదొక కారణం.

ఇట్లు,
మీ అక్క,
పదవ తరగతి