పాల చౌడులో వరి: వేరు కణత్వచం వద్ద ఉప్పుతో పోరు

పాల చౌడు నేలలో నాటిన వరి కొద్ది రోజులకే ఆకుల కొనలు తెల్లబడి ఎండిపోవడం తీరప్రాంత పొలాలలో తరచుగా కనిపిస్తుంది. దీనిని తెగులుగా భావించి మందులు సిఫారసు చేస్తే రైతుకు ఖర్చే మిగులుతుంది. అసలు నష్టం వేరు కణాల త్వచం వద్ద ప్రారంభమవుతుంది.

త్వచ విభవం

కణత్వచంలోని ప్రోటాన్ పంపులు ఎ.టి.పి. శక్తితో హైడ్రోజన్ అయాన్లను వెలుపలికి పంపుతాయి. అందువలన కణం లోపలి వైపు వెలుపలి కంటే సుమారు 120 నుండి 180 మిల్లీవోల్టుల మేర రుణావేశంతో ఉంటుంది. పొటాషియం వంటి ధనావేశ పోషకాలు లోనికి రావడానికి ఈ విభవమే ఆధారం. అయితే సోడియం కూడా ధనావేశం కలదే. విభవం −120 మిల్లీవోల్టులున్నప్పుడు, సోడియంను తిరిగి బయటకు పంపే ఏర్పాటు లేకుంటే, దాని గాఢత కణంలో వెలుపలి కంటే సుమారు 100 రెట్ల వరకు పెరగగలదు.

అయాన్ మార్గాలు

అయాన్ల మధ్య అంతగా భేదం చూపని కొన్ని ధనాయాన్ మార్గాల ద్వారా సోడియం ప్రవేశిస్తుంది. దానితో లోపలి రుణావేశం తగ్గి, పొటాషియంను బయటకు వదిలే మార్గాలు తెరచుకుంటాయి. కావున ఉప్పు లోనికి చేరడంతో పాటు పొటాషియం కూడా నష్టమవుతుంది. 50కి పైగా ఎంజైములకు పొటాషియం అవసరం. సోడియం ఆ స్థానాన్ని భర్తీ చేయలేదు.

రిక్తిక పాత్ర

మొక్క మూడు విధాలుగా ఎదుర్కొంటుంది. మొదటిది, కణత్వచంలోని ఎస్.ఓ.ఎస్.1 ప్రోటీను సోడియంను వెలుపలికి నెడుతుంది. రెండవది, రిక్తిక త్వచంలోని ఎన్.హెచ్.ఎక్స్. ప్రోటీన్లు సోడియంను రిక్తికలో బంధిస్తాయి. అక్కడ అది ఎంజైములకు హాని చేయకపోగా, కణం నీటిని నిలుపుకొనడానికి తోడ్పడుతుంది. మూడవది, దారువులో పైకి పోతున్న సోడియంను వేరులోనే వెనుకకు తీసుకొనడం. నోనా బోక్రా అనే ఉప్పును తట్టుకొనే వరి రకంలో ఈ పని చేసే ఎస్.కె.సి.1 జన్యువును 2005లో గుర్తించారు.

ఇవన్నీ శక్తితో కూడిన పనులు. మైటోకాండ్రియా అందించే ఎ.టి.పి. తగ్గితే పంపులు మందగిస్తాయి. ప్రాణవాయువు కొరవడిన వేళ్లలో ఉప్పు నష్టం అధికం కావడానికి ఇదొక కారణం.

క్షేత్రస్థాయిలో అన్వయం

వరి లేత నారు దశలోనూ, పూత దశలోనూ ఉప్పును తక్కువగా తట్టుకుంటుంది. లేత మొక్కలో ఉప్పును దాచుకొనే ఆకులు, రిక్తికలు తక్కువ. అందుకే చౌడు నేలల్లో ముదురు నారును, కుదురుకు ఎక్కువ మొక్కలు వేసి నాటమని సూచిస్తారు.

కాల్షియం పై ధనాయాన్ మార్గాల ద్వారా సోడియం ప్రవేశాన్ని కొంత నిరోధిస్తుంది. అంతమాత్రాన ప్రతి చౌడుకూ జిప్సం పరిష్కారం కాదు. ఉదజని సూచిక 8.5 దాటి, వినిమయ సోడియం అధికంగా ఉన్న కారు చౌడుకు జిప్సం తగినది. పాల చౌడులో మంచి నీరు నిలగట్టి, లవణాలను మురుగు కాలువల ద్వారా తొలగించడమే ప్రధానం. సంతృప్త మట్టి సారంలో విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసైమన్లు దాటితే ఆ నేలను లవణ నేలగా పరిగణిస్తారు. వరి దిగుబడి సుమారు 3 వద్దనే తగ్గనారంభిస్తుంది.

కావున ఎండిన ఆకు కొనను చూసిన విస్తరణ శాస్త్రవేత్త, మందు పేరు వ్రాయుటకు ముందు మట్టి, నీటి పరీక్షలు చేయించడం అవసరం.