ఊరి పొలానికి పటం: ఏ సాఫ్ట్‌వేర్ తగినది?

నిడుగల్లు ప్రాంతంలో పొలం ఉండి నగరంలో నివసించేవారికి పంపకాల వేళ, కౌలు ఒప్పందాల వేళ భూమి పటం అవసరమవుతుంది. నిలుచున్న చోటు ఏ సర్వే నంబరుకు చెందినదో తెలిస్తే చాలునంటే, కర్ణాటక ప్రభుత్వపు దిశాంక్ యాప్ సరిపోతుంది. కానీ దాని పరిధి రాష్ట్ర సరిహద్దు వద్ద ముగుస్తుంది. పావగడ తాలూకాను చాలావరకు ఆంధ్రప్రదేశ్ చుట్టి ఉన్నందున, మడకశిర వైపు కూడా చేను గల కుటుంబానికి రెండింటినీ ఒకే పటంపై చూపే సాఫ్ట్‌వేర్ కావాలి.

ఎస్రీ సంస్థ రూపొందించిన ఆర్క్‌జీఐఎస్‌కు లైసెన్సు రుసుము కలదు. పెద్ద కార్యాలయాలకు అది తగినదే గాని, నాలుగైదు సర్వే నంబర్ల కోసం ఆ ఖర్చు అనవసరం. 2002లో మొదలైన క్యూజీఐఎస్ ఉచితం. అందులో గీసిన హద్దులను కేఎంఎల్ ఫైలుగా పంపితే ఊరిలోని అన్నదమ్ములు గూగుల్ ఎర్త్‌లో చూసుకోగలరు. నేర్చుకోవడానికి మాత్రం కొన్ని ఆదివారాలు వెచ్చించాలి.

విస్తీర్ణం లెక్కించే ముందు ప్రక్షేపాన్ని యూటీఎం 43 ఉత్తర మండలానికి మార్చుకోవాలి. అంతర్జాల పటాలు వాడే వెబ్ మెర్కేటర్‌లోనే సమతలంగా కొలిస్తే, ఈ అక్షాంశంలో సుమారు 6 శాతం ఎక్కువ వస్తుంది. 5 ఎకరాల చేను 5 ఎకరాల 12 గుంటలుగా కనిపిస్తుంది. తగవులు ఇటువంటి గుంటల వద్దనే పుడతాయి! పైగా కర్ణాటక పహణీలో ఎకరాకు 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు. అనగా గుంటకు రెండున్నర సెంట్లు.

తెరపై గీతకు హద్దురాయి విలువ లేదు. వివాదమున్నచోట సర్వే శాఖకు హద్దుబస్తు కోసం దరఖాస్తు చేయాలి. మీరు గీసిన పటాన్ని కొలత రోజున వెంట ఉంచుకోవచ్చు.