కెనాన్ 1500డీ: పెళ్లి ఫోటోలకు కొనొచ్చా?

జగిత్యాల, కోరుట్ల తమ్ముళ్లు అడుగుతున్నరు: "అన్నా, పెళ్లి ఫోటోలు మొదలుపెడ్త, కెనాన్ 1500డీ తీసుకోవచ్చా?"

ముందు మంచి చెప్త. 24 మెగాపిక్సెల్, ఫోన్ కంటే చాలా పెద్ద సెన్సర్. ఒక్క చార్జింగ్‌కు సుమారు 500 ఫోటోలు. లెన్స్ మార్చుకోవచ్చు.

ఇక లోపాలు. బయటి మైక్ పెట్టే జాక్ లేదు, 4కే లేదు, స్క్రీన్ తిరగదు. కిట్ లెన్స్ పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ 5.6 మాత్రమే. సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులోనో, రాత్రి బరాత్‌లోనో తీస్తే బ్లర్ వస్తది. అదే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ పెడితే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు వస్తది.

నేనైతే ఒకటే చెప్త: వీడియోలకైతే ఇది వద్దు. ఫోటోలకైతే సెకండ్ హ్యాండ్ బాడీ చూసుకోండి, మిగిలిన పైసలు లెన్స్‌కు పెట్టండి. కెమెరా కోసం అమ్మానాన్నతోని అప్పు మాత్రం చేయించకండి.